చీలమండకి ఫిట్ సర్టిఫికెట్

అచ్చియమ్మ కాలు విరిగి అయిదు నెలలయింది. ఆ కాలు నయమై రెండు నెలలయింది. నొప్పి మాత్రం ఇవాళ్టికీ వదల్లేదు. ఈ మూడూ ఒకేసారి ఎలా నిజమవుతాయని అడిగేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ ఇంటావంటా రైలు ఉద్యోగం లేదన్నమాట.

రైల్వేలో జబ్బు చెయ్యడం, నయమవడం ఒంటికి జరిగే సంగతులు కావు, కాగితానికి జరిగేవి. డాక్టరు 'సిక్' అని రాశాడా, మనిషి జబ్బుపడ్డట్టే. ఆ సాయంత్రం బుధవారీ బజారులో రెండు చేతులా గుమ్మడికాయలు పట్టుకుని ఎదురుపడినా జబ్బు మనిషే. 'ఫిట్' అని రాశాడా, మంచం మీద మూలుగుతున్నా సరే ఆరోగ్యవంతుడే, మర్నాడు డ్యూటీ ఎక్కాల్సిందే. అచ్చియమ్మ పెనిమిటి జగన్నాథం బిలాస్‌పూర్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు గూడ్సు బండ్లకి గార్డుగా చేసి రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి కుదుదండ్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు గాని, రైల్వే మాత్రం ఆయన్ని ఖాళీ చెయ్యలేదు. పాలవాడు ఆలస్యంగా వస్తే 'లేట్ రన్నింగ్' అంటాడు. వాళ్ళబ్బాయి జయప్రకాష్ షహడోల్‌లో ఇంజను నడుపుతుంటే, అతని కూతురు శ్వేత కాలేజీ చదువుకని వీళ్ళ దగ్గరే ఉంటోంది. ఆ పిల్ల సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే జగన్నాథం గోడమీది కేలండరులో టైము వేసి పక్కన గీత కొడతాడు.

ఇక కాలు విరిగిన వైనం. గోల్ బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టుకి పాలగిన్నె మూత కోసం వెళ్ళింది అచ్చియమ్మ. మూత కొనడం అయిదు నిమిషాల పని. కానీ ఆ కొట్టువాడి తండ్రి దగ్గర ఆవిడ పెళ్ళయిన కొత్తలో కొన్న మూత ఎంత దళసరిగా ఉండేదో, దాన్ని ఏ వర్షాకాలంలో ఏ పనిమనిషి పోగొట్టిందో, ఆ పనిమనిషి తఖత్‌పూర్‌లో ఇప్పుడు ఎవరింట్లో ఉంటోందో చెప్పకుండా మూత ఎలా కొంటుంది? కొట్టుకి మూడు మెట్లున్నాయి. చెబుతూ చెబుతూ వెనక్కి తిరిగి రెండు దిగింది. మూడోది ఉందనుకున్న చోట లేదు. మూత మాత్రం ఆవిడ చేతిలోనే ఉంది. దానికి సొట్ట కూడా పడలేదు.

దగ్గర్లో ఉన్న ఎముకల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాలుగంతస్తుల ఆసుపత్రి. కింద హాల్లో గోడమీంచి నీళ్ళు జారే బొమ్మ జలపాతం కూడా పెట్టారు. చీలమండ దగ్గర ఎముక రెండు చోట్ల విరిగిందని, ఆపరేషను చేసి రేకు వేసి స్క్రూలు బిగించారు. మర్నాడు డాక్టరు వచ్చి శ్వేతకి ఎక్స్‌రే చూపించి "బ్యూటిఫుల్" అన్నాడు. శ్వేత దాన్ని ఫోనులో ఫోటో తీసి షహడోల్ పంపించింది. అక్కణ్ణించి కోడలు 'సూపర్' అంది. శ్రీకాకుళంలో ఉన్న ఆడపడుచు దండం పెడుతున్న బొమ్మ పంపింది. ఆ రోజు లగాయతు అచ్చియమ్మ కాలు చూడని చుట్టం లేదు. అంతా ఫోటోలోనే. కట్టు విప్పినాక అసలు కాలు ఎలా ఉందో చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. డాక్టరు సరేసరి, ఎప్పుడు వెళ్ళినా ఆ ఫోటోనే చూసేవాడు.

ఒక్క మాట చెప్పుకోవాలి. కాలు 'సిక్'లో ఉన్న మూడు నెలలూ జగన్నాథం చేసిన చాకిరీ ఇంతా అంతా కాదు. తెల్లవారగానే టీ పెట్టేవాడు. పప్పు ఉడకేసేవాడు. పోపు మాడ్చేవాడు. మర్నాడు మాడకుండా పెట్టేవాడు. కాలికింద దిండు ఎత్తు సరిపోయిందా లేదా అని పూటకి నాలుగుసార్లు చూసేవాడు. సిక్‌లో ఉన్నవాళ్ళ చేత పని చేయించడం రూలుకి విరుద్ధం.

పన్నెండో వారం ఆసుపత్రికి రమ్మన్నారు. ముగ్గురూ వెళ్ళారు. నీళ్ళబొమ్మ ఎదురుగా రెండు గంటలు కూర్చున్నాక లోపలికి పిలిచారు. డాక్టరు ఒక చేత్తో తన ఫోను చెవికి ఆనించుకుని, ఇంకో చేత్తో శ్వేత చూపిస్తున్న ఫోటో పెద్దది చేసి చూస్తున్నాడు. ఆయన నోరు తెరవకముందే జగన్నాథం నిటారుగా నిలబడి, ముప్పై ఎనిమిదేళ్ళుగా ఏ డాక్టరు ఎదుట నిలబడ్డా అలవాటుగా వచ్చే మాట అనేశాడు.

"సాబ్, ఫిట్ దే దీజియే."

డాక్టరు ఒకసారి ఈయన వైపు, ఒకసారి ఫోను వైపు చూశాడు. అడిగినవాడు ఇంత ధీమాగా అడుగుతుంటే ఇవ్వకపోవడానికి ఆయనకి కారణమేమీ కనబడలేదు. అచ్చు కాగితం లాగి, పేషెంటు ఫిట్ అని రాసి, ముద్ర కొట్టి, ఫోనులోని మనిషితో "హా, బోలియే" అన్నాడు. అంతే. లోపల ఉన్నది మూడు నిమిషాలు.

జగన్నాథం ఆ కాగితానికి దారిలోనే ప్లాస్టిక్ అతికించాడు.

మర్నాడు పొద్దున్న అచ్చియమ్మ మంచం మీద కూర్చుని టీ కోసం చూసింది. జగన్నాథం కుర్చీలో కూర్చుని టీ కోసం చూశాడు. పావుగంట గడిచింది.

"ఏటండీ, ఇవాళ టీ లేదేటి?" అందావిడ.

"నిన్న పదకొండు నలభై లగాయతు నువ్వు ఫిట్టు," అన్నాడాయన.

ఫిట్టయిన కాలు నేలమీద పెడితే చీలమండలోంచి మోకాలిదాకా మంట లేచేది. మడత పడేది కాదు. సాయంత్రానికి పొంగి మెరిసేది. గట్టు పట్టుకుని వంట చేసి, గోడ పట్టుకుని గదిలోకి వచ్చి, మంచం పట్టుకుని కూర్చునేది అచ్చియమ్మ. "నొప్పి" అంటే, "ఫిట్ అయినాక ఉండే నొప్పి లెక్కలోకి రాదు" అనేవాడు జగన్నాథం. చెడ్డవాడని కాదు. ఆయన లోకంలో ముద్ర పడిన కాగితానికి ఎదురు చెప్పగలిగింది ఇంకో ముద్ర పడిన కాగితం మాత్రమే.

ఆ కాగితం కోసమే మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది. కంప్యూటరు ముందున్న అమ్మాయి, ఫిట్ అయిన పేషెంట్లు కొత్త ఫైలు చేయించుకోవాలంది. డాక్టరు కాల్షియం రాశాడు. తర్వాతి వారం బరువు తగ్గమన్నాడు. ఆ తర్వాత, కింది అంతస్తులో కాలికి కసరత్తు చేయించేవాడి దగ్గరకి పంపాడు. అతను ఎర్రదీపం కింద కాలు పెట్టించి, "మాతాజీ, నొప్పి కాల్లో లేదు, ఆలోచనలో ఉంది," అన్నాడు.

"అయితే ఆ దీపం నా బుర్రకి పెట్టు నాయనా. కాలు మాడిపోతన్నాది," అంది అచ్చియమ్మ తెలుగులో. అతను చిరునవ్వు నవ్వి దీపం వేడి ఇంకొంచెం పెంచాడు.

ఇలా రెండు నెలలు గడిచాక, ఒక గురువారం నాడు డాక్టరు అసలు విషయం చెప్పాడు. వయసు పైబడింది, కీలు పాడైపోయింది, ఇంక ఒకటే దారి. మళ్ళీ ఆపరేషను చేసి చీలమండ కీలుని శాశ్వతంగా బిగించేస్తామన్నాడు. పాదం ఇక కదలదు. కదలకపోతే నొప్పి ఉండదు. సోమవారం ఉదయం పరగడుపున వచ్చి చేరమన్నాడు. ఈ మాటలన్నీ ఆయన అదే పాత ఫోటో చూస్తూ చెప్పాడు. ఫిట్ అయిన కాలికి కొత్త ఎక్స్‌రే ఎందుకని ఎవరూ తియ్యనే లేదు.

అచ్చియమ్మ ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం ఆ ఇంట్లో ఫ్యాను తిరగడం ఆగిపోయినట్టుంటుంది. శ్వేత పుస్తకం మూసేసి వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమైంది మామ్మా?"

"నా కాలు కర్రకాలు చేస్తారట. మెట్టు దిగలేను. పీట మీద కూకోలేను. పండక్కి వీధి చివరికెళ్ళి నాలుగు మాటలు ఆడి రాలేను. పోనీ, ఎందుకు నొప్పెడతన్నాదో ఒక్కడు చెప్పేడా? చెప్పకండా కోసేస్తానంటాడేటి?"

"మామ్మా, టెన్షన్ మత్ లో. ఇంకో డాక్టర్‌కి చూపిద్దాం."

"ఆడూ ఆ ఫోటోయే చూస్తాడు," అంది అచ్చియమ్మ. తర్వాత పెనిమిటి వైపు తిరిగింది. "ఇదిగో, చెప్తన్నాను. ఎందుకో తెలీకండా సోమవారం నాను ఆ గడప తొక్కను. మీరు నన్ను మోసుకెళ్ళినా సంతకం పెట్టను."

జగన్నాథం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. భార్య అన్నది సబబే. కారణం తేలకుండా పని మొదలుపెట్టడం రూలుకి విరుద్ధం.

"ఎంక్వైరీ పెడదాం," అన్నాడు.

రైలు పట్టాలు తప్పితే అన్ని డిపార్టుమెంట్ల పెద్దలూ ఒకచోట చేరి, తప్పు ఎవరిదో తేల్చి, కలిసి సంతకాలు పెట్టే కాగితం ఒకటుంది. జాయింట్ నోట్ అంటారు. కలిసి అన్నది పేరుకే. పట్టాల వాళ్ళు చక్రాలదే తప్పంటారు. చక్రాల వాళ్ళు పట్టాలదే అంటారు. ఇద్దరూ ఏకమై డ్రైవరు స్పీడు మీద పెడతారు. చివరికి కాగితం అడుగున ప్రతివాడూ 'నాకు ఇది సమ్మతం కాదు' అని రాసి సంతకం పెడతాడు. జగన్నాథం సర్వీసులో అలాంటివి పద్నాలుగు చూశాడు. పదిహేనోది ఆదివారం మధ్యాహ్నం తన ఇంటి వరండాలో మొదలైంది.

పిలిచింది ఇద్దర్నే. చంద్రమౌళి పట్టాల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎక్కడికెళ్ళినా జేబులో కొలతల టేపు ఉంటుంది. చిన్నారావు క్యారేజీ ఎగ్జామినరు. అంటే బండి ఆగినప్పుడల్లా పెట్టె పెట్టెకీ వంగి చక్రాలు, స్ప్రింగులు చూసే ఉద్యోగం. జగన్నాథాన్ని అన్నా అనీ, అచ్చియమ్మని వదినా అనీ పిలుస్తాడు. శ్వేత అందరికీ టీ ఇచ్చింది. జగన్నాథం తెల్లకాగితం మీద తేదీ వేశాడు.

"ప్రమాదస్థలం గోల్ బజార్," అన్నాడు. "మౌళిగారూ, మీరు మొదలెట్టండి."

చంద్రమౌళి గొంతు సవరించుకున్నాడు. "ఆ మెట్టు ఎత్తు ఎంత చెల్లెమ్మా?"

"నాను కొలిచి పడలేదు మౌళిగారూ."

"అందాజుగా?"

"పడ్డానికి సరిపోయింది."

"మెట్టుకీ మెట్టుకీ తేడా ఉందన్నమాట," అని చంద్రమౌళి టేపు తీసి, ఏం కొలవాలో తెలియక తన టీ గ్లాసు ఎత్తు కొలిచాడు. "అయితే రాసుకో జగన్నాథం, పట్టాల తప్పేం లేదు. మెట్టు కట్టిన మేస్త్రీ బాధ్యుడు."

చిన్నారావు ఆ రోజు వేసుకున్న చెప్పులు తెప్పించి, తిరగేసి, అడుగు గోటితో గీరి చూశాడు. "అరుగుదల లిమిట్‌లోనే ఉంది. క్యారేజీ తప్పు లేదన్నా."

"అలాగైతే స్పీడు," అన్నాడు జగన్నాథం పెన్ను ఎత్తి. "దిగేటప్పుడు వెనక్కి తిరిగి మాట్లాడుతోందని కొట్టువాడు చెప్పాడు. డ్రైవరు ధ్యాస లైను మీద లేదు."

"రాసీండి!" అంది అచ్చియమ్మ. "అచ్చియమ్మ నోటి తప్పు అనేసి పెద్ద అక్షరాల్తో రాసీండి. ఆ తర్వాత నాకో సంగతి చెప్పండి. మీ ఎంక్వైరీ నాను ఎలా పడ్డానో దానికా, ఎందుకు లేవలేకపోతన్నానో దానికా? పడ్డం నాకు తెలుసును. నాలుగు వీధులకీ తెలుసును. రేపు నా కీలు బిగించేస్తారు. దాని సంగతి చూడండి."

ఆ ముగ్గురు మగవాళ్ళూ తమ ముప్పై, నలభై ఏళ్ళ సర్వీసులో పడిపోయిన బండి తరఫున ఎవరూ ఎంక్వైరీలో మాట్లాడగా వినలేదు.

శ్వేత ఫోను తీసింది. "అంకుల్, ఇదిగో ఎక్స్‌రే ఫోటో."

"ఫోటో వద్దమ్మా," అన్నాడు చిన్నారావు. గ్లాసు కింద పెట్టాడు. "వదినా, ఒకటి అడుగుతాను, తప్పనుకోకు. బండి వచ్చి ఆగితే నాను ముందు గార్డు కాగితం చూసేవోణ్ణి కాదు. కిందకి వంగి పెట్టె పెట్టెకీ ఇరుసు దగ్గర ఇలా వెనకచెయ్యి ఆనించేవోణ్ణి. నీ కాలు ఓపాలి చూడొచ్చునేటి?"

అచ్చియమ్మ చటుక్కున చీర కుచ్చెళ్ళు పాదాల మీదికి లాక్కుంది. "అయ్యో, అదేటి నాయనా! నువ్వు నా కాళ్ళు ముట్టుకోడవేటి!"

"డాక్టరు చూశాడు గదా, నాదేటుంది?"

"ఆడు ఎప్పుడు ముట్టుకున్నాడు? ఆపరేషను బల్ల మీద తప్ప ఆడి చెయ్యి నా కాలికి తగిలింది లేదు. అప్పుడు నాను తెలివిలో లేను."

చంద్రమౌళి ఈ మాటకి టేపు మడిచి జేబులో పెట్టుకున్నాడు. జగన్నాథం పెన్ను ఆగింది. తను కూడా దిండు ఎత్తే చూశాడు గాని కాలు పట్టుకుని చూడలేదని ఆయనకి ఆ క్షణంలో తట్టిందో ఏమో, ఎవరివైపూ చూడలేదు.

"వదిన కాళ్ళు ముట్టుకుంటే దండమెట్టినట్టేలే. పుణ్యవే గాని పాపం రాదు," అని చిన్నారావు నేలమీద గొంతుక్కూర్చున్నాడు. ముందు బాగున్న కాలికి అరచేతి వెనకభాగం ఆనించి కాసేపు ఉంచాడు. తర్వాత విరిగిన కాలికి. మళ్ళీ బాగున్నదానికి. బండి కింద చీకట్లో చూసినట్టు, కళ్ళు మూసుకుని చూశాడు.

"వేడిగున్నాది," అన్నాడు. "జ్వరం వేడి కాదు. ఒక్కచోటే. పాదం పైకెత్తు వదినా. ఇంకా. ఇంకా."

కొంచెం లేచి టక్కుమని ఆగిపోయింది. అచ్చియమ్మ పళ్ళు బిగించింది.

"చూశావా అన్నా? అరిగిపోయిన కీలైతే కిరకిరలాడుకుంటా కదుల్తాది. ఇది బాగానే వచ్చి ఒక దగ్గర ఆగిపోతన్నాది. లోపల ఏదో పట్టి ఉంచింది. ఇది బ్రేక్ బైండింగు."

శ్వేతకి అర్థం కాలేదు. చిన్నారావే చెప్పాడు. ఆపిన బండి దొర్లిపోకుండా హ్యాండ్‌బ్రేకు బిగించి పెడతారు. బండి కదిలేముందు దాన్ని విప్పాలి. విప్పడం మరిచిపోతే బండి కదలక మానదు. కదుల్తుంది. కానీ చక్రం ఈడ్చుకుంటూ వస్తుంది, ఇరుసు కాగిపోతుంది. చూసినవాళ్ళు చక్రం పాడయిందనుకుంటారు. చక్రానికేం కాలేదు.

"ఎముక అతికేదాకా కదలకుండా ఏదో బిగించుంటారు. విప్పడం మర్చిపోయుంటారు. బ్రేకు వేసినవోడు ఎక్కడో ఒకచోట రాసిపెట్టే ఉంటాడు. మొదటి కాగితం ఏదన్నా?"

"బండి కదిలేముందు బ్రేకు విప్పారో లేదో చూసుకోవలసింది ఎవరు అంకుల్?" అంది శ్వేత.

"గార్డు," అన్నాడు చంద్రమౌళి. ఆయన గొంతులో సంతోషం దాగలేదు.

అందరూ జగన్నాథం వైపు చూశారు. ఆయన లేచి వెళ్ళి ఫైలు తెచ్చాడు. పైన ఫిట్ సర్టిఫికెట్ ప్లాస్టిక్‌లో మెరుస్తోంది. దాని కింద మందుల చీటీలు తేదీల వారీగా ఉన్నాయి. అన్నిటికీ అడుగున ఆపరేషను అయినప్పుడు ఇంటికి పంపుతూ ఇచ్చిన కాగితం ఉంది. దానిమీద ఎర్ర పెన్సిలుతో 'క్లోజ్డ్' అని రాసి ఉంది. రాసింది జగన్నాథమే.

శ్వేత కాగితం అందుకుని చదివింది. ఇంగ్లీషులో గబగబా చదివి, ఒకచోట ఆగి, మళ్ళీ చదివింది.

"అరే యార్..." అంది. "మామ్మా, ఇందులో ఉంది. రెండు ఎముకల్నీ కలిపి ఒక పొడుగు స్క్రూ వేశారంట. 'పది నుంచి పన్నెండు వారాల్లో ఆ స్క్రూ తీసెయ్యాలి. అప్పటిదాకా పూర్తి బరువు వెయ్యకూడదు. పన్నెండో వారం స్క్రూ తియ్యడానికి రావాలి.' తాతా, మనం ఆ రోజు వెళ్ళింది దానికే!"

ఆ రోజు మూడు నిమిషాల్లో ఏం జరిగిందో అందరి కళ్ళకీ కట్టింది. డాక్టరు ఈ కాగితం చూడలేదు, ఫోటో చూశాడు. జగన్నాథం ఈ కాగితం చూడలేదు, ఫిట్ అడిగాడు. స్క్రూ లోపలే ఉండిపోయింది. దానిమీదే ఈ రెండు నెలలూ అచ్చియమ్మ వంట చేసింది.

ఎంక్వైరీలో పద్ధతి ప్రకారం తరవాతి మాట చంద్రమౌళి అన్నాడు. "డాక్టరు సగం, గార్డు సగం."

"నాకు ఇది సమ్మతం కాదు," అన్నాడు జగన్నాథం ఠక్కున, ఆ మాటే కాగితం మీద రాస్తూ. అని, భార్య మొహం చూశాడు. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాడు. పెళ్ళినాటి సంగతి దగ్గర్నించి మొదలెట్టి వరసగా తవ్వి తీస్తుందనుకున్నాడు. ఆవిడ మాత్రం చెయ్యి కాలిమీద పెట్టుకుని, లోపల ఉన్నది తన నొప్పేననీ, తన ఆలోచన కాదనీ ఇప్పుడే ఎవరో చెప్పినట్టు కూర్చుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జగన్నాథం తాను రాసిన ఆ మాట కొట్టేసి, కాగితం అడుగున సంతకం పెట్టాడు. ఏ తిరుగు మాటా రాయకుండా ఆయన పెట్టిన మొదటి సంతకం అది.

సోమవారం ఉదయం ఆసుపత్రికి వెళ్ళారు. కీలు బిగించడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఒక నర్సు కాగితాల కట్ట తెచ్చి ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో గుర్తులు పెట్టి ఇచ్చింది. ఏం జరిగినా మాదే పూచీ అని రోగి రాసిచ్చే కాగితాలవి. అచ్చియమ్మ కాగితాలు పక్కన పెట్టి, ముందు డాక్టరుతో మాట్లాడాలంది.

డాక్టరు తొందరలో ఉన్నాడు. "భయపడకండి మాతాజీ. గంటన్నర పని. నేను ఫోటో చూశాను."

"ఫోటో చూశారు. కాలు దేఖో," అంది అచ్చియమ్మ.

"అవసరం లేదు మాతాజీ. ఎక్స్‌రేలో అంతా తెలుస్తుంది."

అచ్చియమ్మ శ్వేత భుజం పట్టుకుంది. కుర్చీ వెనక్కి జరుపుకుంది. కుచ్చెళ్ళు సర్దుకుని, రెండు చేతులతో ఎడమకాలు ఎత్తి, డాక్టరు బల్లమీద పెట్టేసింది. కాలు సరిగ్గా ఆయన ఫైళ్ళ మీద, పేరు చెక్కిన ఇత్తడి పలకకి ఆనుకుని ఉంది. ఆపరేషను బల్ల దిగాక ఈ అయిదు నెలల్లో ఆ కాలు ఆయనకి అంత దగ్గరగా వచ్చింది అదే మొదటిసారి. గుమ్మంలో ఉన్న మనిషి "అరే అరే! మాతాజీ!" అని కేకేశాడు. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ముట్టుకో బాబూ. కరవదు," అంది అచ్చియమ్మ. తెలుగులోనే అంది. ఆయనకి అర్థమయింది.

డాక్టరు ముందు కోపంగా చూశాడు. తర్వాత, పెద్దావిడ కాలు కిందికి తోసెయ్యలేక, చెయ్యి చాచాడు. బొటనవేలు చీలమండ పక్కగా జరిపాడు. ఒకచోట ఆగాడు. మళ్ళీ అక్కడే నొక్కాడు. ఆయన మొహంలో రంగు మారింది. అప్పుడు శ్వేత ఆ మొదటి కాగితం తీసి, గీత గీసిన లైను కనబడేలా ఆయన ముందు పెట్టింది.

కొత్త ఎక్స్‌రే పది నిమిషాల్లో వచ్చింది. పాత ఫోటోలో మిగతా స్క్రూల మధ్య కలిసిపోయి ఉన్న పొడుగు స్క్రూ ఇప్పుడు అడ్డంగా, కాస్త ఒరిగి, గుడ్డివాడిక్కూడా కనబడేట్టుగా ఉంది.

"మీరు పన్నెండో వారం రావలసింది," అన్నాడు డాక్టరు.

"వచ్చాం," అంది శ్వేత.

"మరి చెప్పలేదే?"

"మీరు ఫిట్ రాశారు."

"మీరు అడిగారు, రాశాను!"

అచ్చియమ్మకి హిందీ మాటలన్నీ అందలేదు గాని, వరస బాగా అందింది. నిన్న వరండాలో విన్న ఎంక్వైరీయే. ఈ ఆసుపత్రి కూడా ఏదో ఒక డిపార్టుమెంటే అనుకుంది. జగన్నాథం గొంతు సవరించుకున్నాడు.

"సగం తప్పు నాది సాబ్," అన్నాడు. "మిగతా సగం మీరు తీసుకోండి."

డాక్టరు తీసుకోలేదు. గడియారం చూసుకున్నాడు. స్క్రూ తీసెయ్యడం చిన్న పనేనని, అరగంటలో అయిపోతుందని చెప్పాడు. కీలు బిగించే సంగతి ఎవరూ ఎత్తలేదు. అచ్చియమ్మ మాత్రం పాత కాగితాల కట్ట చింపించి, స్క్రూ ఒక్కటే తీస్తామని, ఇంకేమీ ముట్టుకోమని కొత్తది రాయించి, శ్వేత చేత రెండుసార్లు చదివించుకుని, అప్పుడు వంకరటింకరగా తన పేరు రాసింది.

ఇంటికి పంపుతూ ఇచ్చిన కాగితంలో 'పేషెంటు కోరిక మీద స్క్రూ తొలగించడమైనది' అని ఉంది. శ్వేత చదివి మండిపడింది. అచ్చియమ్మ మాత్రం నవ్వింది. "పోన్లేవే. నాను కోరిందే గదా!"

నాలుగు రోజులు పుండు నొప్పి ఉంది గాని, పాత మంట లేదు. వారానికి పాదం పైకి లేచింది. పదిహేనో రోజుకి గోడ వదిలేసి నడిచింది. ఆ రోజుల్లో మళ్ళీ టీ పెట్టిందీ, పప్పు ఉడకేసిందీ జగన్నాథమే. ఆయన లెక్కలో ఆపరేషను అయినప్పణ్ణించీ ఆవిడ మళ్ళీ సిక్. అంతేగాక ఈసారి రోజుకి రెండుసార్లు, దిండు సర్దాక, వెనకచెయ్యి చీలమండకి ఆనించి చూసేవాడు. చల్లగా ఉందని తెలిశాక కూడా చెయ్యి వెంటనే తీసేవాడు కాదు. అచ్చియమ్మ కూడా కాలు లాక్కునేది కాదు.

కుట్లు విప్పడానికి వెళ్ళినరోజు డాక్టరు ఫోను పక్కన పెట్టేశాడు. కాలు ముట్టుకుని చూశాడు. అటూ ఇటూ కదిపాడు. నడిచి చూపించమన్నాడు. అచ్చియమ్మ గదిలో ఆ చివరికీ ఈ చివరికీ కర్ర లేకుండా నడిచి, మధ్యలో ఒకసారి ఆగి నర్సుని వాళ్ళ ఊరేదని కూడా అడిగింది.

"బహుత్ బఢియా," అని డాక్టరు సొరుగులోంచి అచ్చు కాగితం తీశాడు. జగన్నాథం వైపు చూశాడు. "ఫిట్ రాసిమ్మంటారా?"

జగన్నాథం నోరు తెరిచాడు. అలవాటు అలవాటే. కానీ ఆయనకంటే ముందు అచ్చియమ్మ బల్ల దగ్గరకి వచ్చి, ఆ కాగితం మీద చెయ్యి పరిచేసింది.

"మత్ లిఖో," అంది.

"ఎందుకు మాతాజీ? మీరు పూర్తిగా బాగున్నారు కదా!"

"బాగున్నాను నాయనా. నువ్వూ బాగున్నావు, ఆయనా బాగున్నారు. అది రాసేవంటే మళ్ళీ ఈయన రేపట్నుంచి పోపు పెట్టడం మానేస్తారు. ఇప్పుడిప్పుడే మాడకండా పెడతన్నారు."

శ్వేత నవ్వు ఆపుకుంటూ హిందీలో చెప్పింది. డాక్టరు పెన్నుకి మూత పెట్టాడు. జగన్నాథం ఏదో అనబోయాడు గాని, అచ్చియమ్మ అప్పటికే లిఫ్టు వదిలేసి మెట్లవైపు నడుస్తోంది. దిగుతూ వెనక్కి తిరిగి, సాగనంపడానికి వచ్చిన నర్సుకి వాళ్ళ ఊళ్ళో తనకి తెలిసినవాళ్ళెవరో చెప్పబోయింది. మళ్ళీ ఏమనుకుందో, ముందు చూసుకుని మొదటి మూడు మెట్లూ దిగి, అక్కడ ఆగి, అప్పుడు మొదలెట్టింది.